ఎప్‌వర్త్ పాత రెక్టరీ (లింకన్‌షైర్, 1709): ఇల్లు ఎలా కట్టారు, ఎలా నిలబెట్టాలి

#1 పెంకుటిల్లు

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో ఉత్తర లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో ఉన్న పాత రెక్టరీ (చర్చి గురువు ఉండే ఇల్లు) గురించి ఈ చర్చ. మెథడిస్ట్ ఉద్యమం మొదలుపెట్టిన అన్నదమ్ములు జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ పెరిగిన ఇల్లు. వాళ్ళ నాన్న శామ్యూల్ ఇక్కడ రెక్టర్, అమ్మ సుజానా. ఇప్పుడు మ్యూజియం, చట్టం కాపాడే పాత కట్టడాల్లో పై తరగతి అయిన గ్రేడ్ 1 జాబితాలో ఉన్న కట్టడం. తెలుగులో దీని గురించి ఎవరు రాసినా ‘అగ్నిలోనుండి తీసిన కొరవి’ దగ్గరే ఆపేస్తున్నారు. 1709లో ఇల్లు కాలినప్పుడు మంటల్లోంచి పిల్లవాడు జాన్‌ను దించారు, సరే. ఆ గోడ దేనితో కట్టారు? కప్పు ఏమిటి? తర్వాత కట్టిన ఇంటికి డబ్బు ఎవరు పెట్టారు? ఇల్లు ఎవరిది? అంత పాత ఇంటిని ఇప్పుడు ఎలా కాపాడాలి? ఇవి తెలిసినవాళ్ళు చెబితే ఒకచోట పోగవుతాయి. దెయ్యం కథ వద్దని మనవి. (వస్తుందని తెలుసు.)

#2 పాతకాగితాలు

కాలిపోయిన పాత ఇంటి నుంచి మొదలుపెడదాం. దాని గురించి మనకు బాగానే తెలుసు. కారణం ‘గ్లీబ్ టెరియర్’ అనే కాగితం. చర్చి పదవికి ఉన్న భూములూ కట్టడాలూ ఏమేమిటో హద్దులతో రాసి బిషప్ కచేరీకి ఇచ్చే జాబితా అది. మన వైపు ఈనాం రిజిస్టరు ఎలాగో అలాగ. ఎప్‌వర్త్‌ది 1607 నాటిది దొరుకుతుంది.

అందులో ఉన్న సారం: ఇంటి స్థలం సుమారు 3 ఎకరాలు. తూర్పున పొలం, పడమర లాంకాస్టర్ లేన్, దక్షిణాన హై స్ట్రీట్. ఇల్లు 5 బేలు. పూర్తిగా కలప, పూత. పైన గడ్డి కప్పు. మూడు అంతస్తులుగా మలిచారు. ముఖ్యమైన గదులు 7: వంటిల్లు, హాలు, పార్లర్, సరుకుల కొట్టు, పైన మూడు పెద్ద గదులు. ఇవి కాక మామూలు వాడకానికి చిన్న గదులు కొన్ని. కంచె వేసిన చిన్న తోట. ఆవరణలో 6 బేల ధాన్యపు కొట్టం, దానికి మట్టి గోడలు, గడ్డి కప్పు. ఒక పావురాల గూడు, దానికీ గడ్డి కప్పే. చివర్లో జనపనార ఎండబెట్టే బట్టీ ఒకటి.

ఈ చివరి ముక్క చదివి ముందుకు వెళ్ళిపోకండి. గడ్డి కప్పు ఇల్లు, గడ్డి కప్పు కొట్టం, ఆవరణలోనే నిప్పు పెట్టి నార ఆరబెట్టే బట్టీ!

#3 దూలంవాసం

‘బే’ అంటే గది కాదు. ఒక దూలాల చట్రానికీ పక్క చట్రానికీ మధ్య ఎడం. మనవాళ్ళు ఇల్లు ఎన్ని దూలాలదని లెక్క చెప్పినట్టు వాళ్ళు బేలు చెబుతారు. పుస్తకాల్లో 16 అడుగులు అని ఉంటుంది కానీ లింకన్‌షైర్ కలప ఇళ్ళలో ఇంకా తక్కువ ఎడమే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి 5ని 16తో గుణించి 80 అడుగుల ఇల్లు అని రాసేయకండి.

ఆ ప్రాంతపు గోడ కట్టే పద్ధతికి ‘మడ్ అండ్ స్టడ్’ అని పేరు. ముందు కలప చట్రం నిలబెడతారు. దానికి నిలువుగా సన్నబద్దలు మేకులతో కొడతారు. గడ్డి కలిపి తొక్కిన మట్టిని రెండు వైపులా మెత్తుతారు. పైన సున్నం పూత. మన దగ్గర తడిక మీద మట్టి మెత్తినట్టే, కాకపోతే ఇక్కడ బద్దలు అల్లరు, నిలువుగా కొడతారు. టెరియర్‌లో కొట్టానికి ‘మట్టి గోడలు’ అని, ఇంటికి ‘పూత’ అని తేడాగా రాశారు. అంటే ఇంటి గోడకు పని కాస్త మెరుగ్గా చేయించి ఉంటారు.

ఇక మంట. ఇలాంటి గోడ వెంటనే అంటుకోదు. మట్టి కాలదు. అంటుకునేది కప్పు. గడ్డి కప్పు లోపలి నుంచి కాలితే ముందు నిప్పు రవ్వలు పై అంతస్తులో పడతాయి. 1709 ఫిబ్రవరి 9 రాత్రి 11 దాటాక జరిగింది ఇదే. ఆడపిల్లల్లో ఒకరి పక్క మీద కప్పు నుంచి రవ్వలు రాలి మెలకువ వచ్చింది. దాదాపు పావుగంటలో ఇల్లంతా అయిపోయింది. 5 ఏళ్ళ జాన్ పైగది కిటికీ దగ్గర చిక్కుకున్నాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేదు. ఒకాయన గోడకు ఆనుకుని నిలబడితే ఇంకొకాయన ఆయన భుజాలెక్కి పిల్లవాణ్ణి అందుకున్నాడు.

ఈ ఒక్క సంగతి పట్టుకుని కొలత వేయొచ్చు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి చేయి చాస్తే ఎంత లేదన్నా 11, 12 అడుగులు అందుతుంది. కిటికీ గడప అంతకంటే కిందే ఉండాలి. అంటే కింది గదుల ఎత్తు బాగా తక్కువ, 7, 8 అడుగులు. తర్వాత కట్టిన ఇటుక ఇంట్లో అయితే ఈ పని ఇంత తేలిగ్గా అయ్యేది కాదు.

పిల్లవాణ్ణి దించగానే కప్పు కూలింది. లోపలికి కూలింది కాబట్టి బతికాం అని జాన్ వెస్లీ తర్వాత రాశాడు. అది వట్టి అదృష్టం కాదు. గడ్డి ఇంటి వాసాలు నడికొప్పు దగ్గర ముందు కాలుతాయి. పైన పట్టు పోతే వాసాల మొనలు లోపలికి దిగుతాయి. అడ్డదూలాలు ముందుగా కాలి తెగితేనే గోడలు బయటికి తన్నుకుంటాయి.

#4 చినవెంకన్న

చిన్న సందేహం. కొన్నిచోట్ల మంట 1708 ఫిబ్రవరి అని, కొన్నిచోట్ల 1709 అని ఉంది. ఏది రాయాలి?

#5 పాతకాగితాలు

రెండూ ఒకటే. అప్పట్లో ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి పాత సంవత్సరంలో పడేవి. ఈ పద్ధతి 1752లో పోయింది. ఇప్పటి లెక్కలో 1709. పాత ఉత్తరాలు వాడేటప్పుడు ‘1708/9’ అని రాస్తే గొడవ ఉండదు. జాన్ పుట్టిన తేదీకీ ఇదే తంటా: పాత పంచాంగంలో 1703 జూన్ 17, కొత్తదానిలో జూన్ 28.

ఇంకోటి. అదే మొదటి మంట కాదు. 1702లో కూడా ఇంట్లో కొంత భాగం కాలింది.

#6 గుమాస్తాగారు

ఇల్లు ఎవరిదనే ప్రశ్నకు వస్తాను. ఇది తేలకపోతే మిగతాది అర్థం కాదు.

రెక్టర్ అంటే ఆ విచారణలో (చర్చి పరిధిలో) దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, మొత్తం తీసుకునే హక్కున్న గురువు. ధాన్యం, ఎండుగడ్డి, కలప మీద వచ్చేది పెద్ద దశమభాగం. ఉన్ని, గొర్రెపిల్లలు, గుడ్లు, పాల వంటివాటి మీద వచ్చేది చిన్నది. వికార్ అనే ఇంకో రకం గురువుకు సాధారణంగా చిన్నదే వస్తుంది. అందుకే రెక్టరీలు కాస్త పెద్దవిగా ఉంటాయి. వాటి పక్కన పెద్ద కొట్టం ఉండటానికీ ఇదే కారణం: పదో మోపు వచ్చి పడాలి కదా. బదులుగా చర్చిలో బలిపీఠం ఉండే చాన్సెల్ భాగం మరమ్మతు రెక్టర్ నెత్తినే.

ఇల్లూ, గ్లీబ్ అనే చర్చి మాన్యం భూమీ పదవికి చెందుతాయి. పదవిలో ఉన్నంతకాలం రెక్టర్‌వి. అమ్మలేడు, పిల్లలకు రాయలేడు. కానీ పాడైతే బాగుచేయించడం పూర్తిగా ఆయన బాధ్యతే. ‘డైలాపిడేషన్స్’ అని ఒక లెక్క ఉంటుంది. రెక్టర్ చనిపోయినా, పదవి వదిలినా, కొత్తగా వచ్చినాయన ఇంట్లో ఏమేం పాడయ్యాయో అంచనా వేయించి ఆ డబ్బు పాతాయన నుంచో, ఆయన ఆస్తి నుంచో రాబట్టుకోవచ్చు. అంటే తనది కాని ఇంటికి తన డబ్బు పెట్టాలి. పెట్టకపోతే పెళ్ళాం పిల్లల మీద పడుతుంది.

#7 పెంకుటిల్లు

అర్చక మాన్యం లాంటిదన్నమాట?

#8 గుమాస్తాగారు

భూమి వరకు దగ్గరగానే ఉంటుంది. కానీ అర్చకత్వం మన దగ్గర చాలాచోట్ల వంశపారంపర్యం. ఇక్కడ కాదు. ఎప్‌వర్త్ పదవి ఇచ్చే హక్కు రాజుది. శామ్యూల్ వెస్లీ సుమారు 39 ఏళ్ళు అక్కడ ఉండి 1735 ఏప్రిల్ 25న చనిపోతే, సుజానాకు ఆ ఇంట్లో ఒక్క గది మీద కూడా హక్కు లేదు. పైగా ఆయన ఒకావిడకు 15 పౌండ్ల కౌలు బాకీ ఉంటే ఆవిడ 40 పౌండ్లు దాటే పశువులను జప్తు చేయించింది. అదీ ఆయన్ను పాతిపెట్టిన రోజే.

ఇక కట్టిన ఖర్చు. కొత్త ఇంటికి 400 పౌండ్లు అయిందని లెక్క. పదవి మీద వచ్చేది పేరుకు ఏటా 200 పౌండ్లు, చేతికి వచ్చేది అంతకంటే బాగా తక్కువ. ఈయన 1705లోనే 30 పౌండ్ల లోపు బాకీకి లింకన్ కోట జైల్లో కూర్చున్నాడు. అలాంటి మనిషి 400 ఎక్కడి నుంచి తేవాలి? 1704లో పెట్టిన క్వీన్ ఆన్స్ బౌంటీ నిధి బాగా పేద పదవుల ఆదాయం పెంచడానికి. పదవి ఆదాయాన్ని తాకట్టు పెట్టి ఇల్లు కట్టుకోవడానికి అప్పు తీసుకోవచ్చని చట్టం వచ్చింది 1776లో, గిల్బర్ట్ చట్టం. ఇంగ్లండు పల్లెల్లో కనిపించే పెద్ద పెద్ద జార్జియన్ (జార్జి రాజుల కాలపు) రెక్టరీల్లో చాలావాటి వెనక ఉన్నది ఆ చట్టమే. 1709లో అది లేదు.

ఏడాదిలోపే ఇల్లు లేచింది. 13 ఏళ్ళు కావస్తున్నా సామాను సగం కూడా లేదని, పిల్లలకు సగం బట్టలు కూడా లేవని సుజానా తన తోబుట్టువుకు రాసింది. ఇటుక గోడ చూసి ‘బాగా ఉన్నవాళ్ళు’ అనుకునేవాళ్ళు ఈ ఉత్తరం కూడా చదవాలి.

#9 ఇటుకబట్టీ

‘ఏడాదిలోపు’ అన్న మాట దగ్గర ఆగాలి. చేత్తో చేసే ఇటుకకు ఒక కాలచక్రం ఉంది. శరదృతువులో మట్టి తవ్వి కుప్ప వేస్తారు. చలికాలమంతా మంచుకు అది విరిగి మెత్తబడాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అచ్చు పోత. మూడు నుంచి ఆరు వారాలు ఆరబెట్టడం. తర్వాత బట్టీ. ఇల్లు కాలింది ఫిబ్రవరిలో. అప్పుడు మట్టి తవ్వడం మొదలుపెడితే ఆ ఏడాది మంచి ఇటుక రాదు. ముందే తవ్వి పెట్టిన మట్టి ఉన్న బట్టీవాడి దగ్గర కొని ఉండాలి. లేదా పాత నిల్వ.

ఎన్ని కావాలి? అప్పటి ఇటుక సుమారు 9 × 4¼ × 2¼ అంగుళాలు. ⅜ అంగుళం సందు వేసుకుంటే ఒక చదరపు మీటరు గోడ ముఖానికి అర ఇటుక మందంలో 63. ఇటుకన్నర మందం, అంటే 13½ అంగుళాల గోడకు 189. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల ఎత్తు ఉన్న ఒక్క గోడకే కిటికీలు తీసేయకుండా 11,300 పైచిలుకు. ఒక అచ్చు బల్ల దగ్గర జట్టు రోజుకు వెయ్యి నుంచి రెండు వేల దాకా పోస్తుంది. నాలుగు గోడలు, లోపలి గోడలు, పొగగొట్టాలు కలిపి లెక్కేయండి. ఒక ఎండాకాలం పని.

మట్టికి మాత్రం లోటు లేదు. ఎప్‌వర్త్ ఉన్న ఐల్ ఆఫ్ ఆక్స్‌హోమ్ ఒకప్పుడు చుట్టూ బురద నీళ్ళున్న దిబ్బ. 1626 నుంచి డచ్చి ఇంజనీరు కార్నేలియస్ వెర్ముయ్‌డెన్ కాలువలు తవ్వి నీళ్ళు తీశాడు. దిబ్బ కింద ఉన్నది మెర్సియా మడ్‌స్టోన్ అనే ఎర్ర బంకమట్టి పొర. ఇటుక ఎరుపు అక్కడి నుంచే.

#10 దూలంవాసం

లెక్క బాగుంది. కానీ ఒక మాట. పొగగొట్టం పాత ఇంటిది మిగిలి ఉంటే? కలప ఇళ్ళు కాలినప్పుడు తరచు నిలబడేది అదే. ఆ ఇటుకలు తిరిగి వాడుకుంటారు.

#11 ఇటుకబట్టీ

వాడుకుని ఉండొచ్చు, కాదనను. కానీ కాలిన ఇల్లు నుంచి తీసిన ఇటుక వేలల్లో రాదు. పైగా మసి పట్టిన ఇటుక బయటి ముఖానికి పెట్టరు, లోపలి పొరలో వేస్తారు. వెతకాలంటే అక్కడే వెతకాలి.

#12 గచ్చుపని

మట్టి సంగతి వచ్చింది కాబట్టి దాని చుట్టం గురించి. అదే ఎర్రమట్టి పొరలో జిప్సం తెల్లటి చారలుగా దొరుకుతుంది. అందుకే లింకన్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ పాత ఇళ్ళలో పై అంతస్తు నేల చెక్కతో కాక జిప్సం గచ్చుతో ఉంటుంది. ఆ ప్రాంతపు ఇల్లు ఏది చూసినా ముందు అటక నేల చూడాలి. తివాచీ కింద చెక్క ఉందనుకుని మేకు కొట్టినవాళ్ళు చాలామంది.

పని ఇలా:

దూలాల మీద అడ్డంగా రెల్లు, లేదా సన్నబద్దలు పరుస్తారు. రెల్లు మీద పల్చగా గడ్డి, నీళ్ళు కిందికి కారకుండా. కాల్చిన జిప్సం నలగ్గొట్టి, బూడిదో ఇటుక పొడో కలిపి, నీళ్ళతో చిక్కటి గంజిలా చేసి ఒకే విడతలో పోస్తారు. మందం 2 నుంచి 3 అంగుళాలు. గది మధ్యలో పని ఆపకూడదు, ఆపితే అతుకు దగ్గర పగులు ఖాయం.

అసలు కిటుకు అంచుల్లో ఉంది. జిప్సం గట్టిపడేటప్పుడు సున్నంలా కుంచించుకోదు, ఉబ్బుతుంది. గోడ చుట్టూ బద్దలు పెట్టి సందు వదిలి, గట్టిపడ్డాక బద్దలు తీసి పూడుస్తారు. వదలకపోతే గచ్చు గోడను బయటికి నెడుతుంది, లేదా మధ్యలో ఉబ్బుతుంది.

ఇంకో సంగతి. 150 డిగ్రీల దగ్గర కాల్చిన జిప్సం నిమిషాల్లో బిగుస్తుంది, నేలకు పనికిరాదు. ఇంకా ఎక్కువ వేడిలో కాల్చినది నెమ్మదిగా బిగుసుకుని బాగా గట్టిపడుతుంది. పాతవాళ్ళ బట్టీలో రెండూ కలగలిసి వచ్చేవి, అందుకే ఒకే ఇంట్లో ఒక గది గచ్చు రాయిలా, పక్కగది గచ్చు గోకితే రాలేలా ఉంటుంది.

#13 చినవెంకన్న

పగిలితే సిమెంటు పోసి సరిచేస్తే?

#14 గచ్చుపని

అయ్యో, అది మాత్రం చేయకండి. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. పోర్ట్‌లాండ్ సిమెంటులోని అల్యూమినేట్లతో తడి తగిలినప్పుడు కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికం పుడుతుంది. ఘనపరిమాణం పెరిగి అతుకే పేలుతుంది. ఏడాది రెండేళ్ళు బాగానే ఉండి తర్వాత చుట్టూ పొరలు లేస్తాయి. ‘బాగానే ఉంది కదా’ అనుకునే ఆ రెండేళ్ళే మోసం.

పగులుకు జిప్సం గచ్చునే వాడాలి. పాత అంచులు తడి చేయాలి, లేకపోతే అవి కొత్తదానిలో నీళ్ళు పీల్చేస్తాయి. కింద రెల్లు కుళ్ళిందేమో కింది గది పైకప్పు వైపు నుంచి చూడాలి. బరువు సంగతి కూడా: 3 అంగుళాల గచ్చు చదరపు మీటరుకు 100 కిలోలకు పైనే. ఆ బరువుతో దూలం మధ్యలో వంగి ఉంటే జాకీ పెట్టి లేపకూడదు, గచ్చు ముక్కలవుతుంది. వంగినచోటే ఆపి, పక్కన కొత్త దూలం జతచేయాలి. నీళ్ళ బకెట్టు, మాపు రెండూ దూరం. జిప్సం నీళ్ళకు కొద్దికొద్దిగా కరుగుతుంది.

#15 పెంకుటిల్లు

వంటగది సంగతి ఎవరైనా చెప్పండి. సుజానా వంటింట్లో 200 మందికి ప్రార్థన పెట్టిందని అంటారు. అంత పెద్ద వంటిల్లా?

#16 పాతకాగితాలు

1711-12 చలికాలం. శామ్యూల్ చర్చి మహాసభకు లండన్ వెళ్ళాడు. ఆదివారం సాయంత్రం సుజానా తన పిల్లలకూ పనివాళ్ళకూ ప్రసంగం చదివేది. ఇరుగుపొరుగు వచ్చి చేరారు. 1712 ఫిబ్రవరి 6న భర్తకు రాసిన ఉత్తరంలో 200 దాటారని, చోటు లేక చాలామంది వెనక్కి వెళ్ళారని రాసింది.

#17 దూలంవాసం

ఆ ‘చోటు లేక’ అన్న మాటే కొలబద్ద. నిలబడి ఒత్తుకుంటే చదరపు మీటరుకు నలుగురు. 200 మందికి 50 చదరపు మీటర్లు, అంటే సుమారు 540 చదరపుటడుగులు. ఆ కాలపు పల్లె రెక్టరీ వంటిల్లు 300 దాటితే గొప్ప. కాబట్టి జనం వంటింట్లోంచి నడవలోకి, పక్క గదుల్లోకి, పెరటి గుమ్మం దాకా నిండి ఉండాలి. తలుపులు తీసి ఉంచితేనే గొంతు వినపడుతుంది. ఇంటి ప్లాను చూసేటప్పుడు వంటింటి కొలత కాదు, వంటింటి నుంచి ఎన్ని గుమ్మాలు తెరుచుకుంటాయో చూడండి.

నేలకు భయం లేదు, కింది అంతస్తు. అదే పైన జిప్సం గచ్చు మీద 200 మంది నిలబడి ఉంటే ఈ చర్చ ఉండేది కాదు.

#18 అటకమీదపిల్లి

వద్దన్నారు కానీ అటక అన్నాక ఆ ఇంటి దెయ్యం ఓల్డ్ జెఫ్రీ పేరు ఎత్తకుండా ఎలా? 1716 డిసెంబరు, 1717 జనవరి. తట్టిన చప్పుళ్ళు. పచ్చి ఓక్ దూలాలు ఆరుతూ చేసిన చప్పుడే అంటాను.

#19 దూలంవాసం

7 ఏళ్ళకు? ఓక్ అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరుతుంది. 8, 10 అంగుళాల దూలం 1716లో ఇంకా ఆరుతూనే ఉంటుంది, అంతవరకు మీ మాట నిజం. చలికాలం పొయ్యి వేడికి పగుళ్ళు చిటపటమంటాయి. కానీ శామ్యూల్ రాజు జార్జి కోసం ప్రార్థన చేసినప్పుడే గట్టిగా కొట్టిందని ఇంటివాళ్ళు రాశారు. దూలానికి రాజకీయాలు ఉండవు. ఇక్కడితో ఆపుదాం.

#20 సున్నపుగానుగ

ఇటుక గోడ మరమ్మతు గురించి ఎవరూ రాయలేదు. 300 ఏళ్ళ మెత్తటి ఇటుకకు అసలు శత్రువు వాన కాదు, సిమెంటు టీపు (ఇటుకల మధ్య సందుల పూడిక). పాత గోడ తడి పీల్చి సందుల్లోని సున్నం ద్వారా ఆరుతుంది. సందులు సిమెంటుతో మూస్తే తడి ఇటుక ముఖం నుంచి బయటికి రావాలి. చలికాలం ఆ తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. చివరికి సిమెంటు సందులు గూడులా ముందుకు నిలబడి, ఇటుకలు లోపలికి తినేసినట్టు కనిపిస్తాయి. ఎక్కడైనా అలా కనిపిస్తే ఏం జరిగిందో అడగనక్కర్లేదు.

పద్ధతి: పాత టీపును సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 25 మిల్లీమీటర్లు తీయాలి. సుత్తి, సన్న ఉలితో. గ్రైండరు పెడితే ఇటుక అంచులు పోతాయి. నిలువు సందుల దగ్గర అయితే తప్పకుండా పోతాయి. దుమ్ము ఊది, ముందురోజు సాయంత్రం ఒకసారి, పనికి ముందు ఒకసారి నీళ్ళు చల్లాలి. మిశ్రమం సున్నపు ముద్ద 1, గరుకు ఇసుక 3. బాగా వాన కొట్టే గోడకు సహజ హైడ్రాలిక్ (తడిలోనూ గట్టిపడే) సున్నం 3.5 రకం, ఇసుక రెండున్నర పాళ్ళు. ఇసుకలో సన్నం నుంచి గరుకు దాకా అన్ని సైజులూ ఉండాలి. సన్న ఇసుక ఒక్కటే వాడితే కుంచించుకుని సందు అంచు వెంట వెంట్రుకలా పగులుతుంది.

కూరాక వెంటనే నునుపు చేయకూడదు. వేలు నొక్కితే దిగకుండా, గోరు గీస్తే గీత పడే దశలో గట్టి కుచ్చు బ్రష్షుతో పొడిచి పైపొర విప్పాలి. తర్వాత తడి గోనెపట్టాలు కనీసం వారం. 5 డిగ్రీల కన్నా చలి పడే రోజుల్లో పని పెట్టుకోకూడదు. ఆ ఊళ్ళో అంటే మే నుంచి సెప్టెంబరు మధ్యదాకా.

ఎంత సరుకు? 10 మిల్లీమీటర్ల సందు, 25 లోతు అనుకుంటే ఆ పలచని ఇటుక గోడకు చదరపు మీటరుకు సుమారు 20 మీటర్ల సందు వస్తుంది. అంటే 5 లీటర్లు. పడిపోయేదానితో కలిపి 6 పెట్టుకోండి.

#21 పెంకుటిల్లు

మన గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలుపుతారు కదా. అక్కడ కలపొచ్చా?

#22 సున్నపుగానుగ

కలపొద్దు. మన ఎండకు సున్నం త్వరగా ఆరిపోతుంది, బెల్లం, కరక్కాయ దాన్ని కాస్త పట్టి ఉంచి పని చేసుకునే వ్యవధి ఇస్తాయి. అక్కడ సమస్య తిరగేసి ఉంది: సున్నం ఆరడమే ఆలస్యం, లోపే మంచు పడుతుంది. ఇంకా ఆలస్యం చేసేది మనం వేయకూడదు. పైగా గ్రేడ్ 1 కట్టడంలో ఉన్న మిశ్రమాన్ని పరీక్షించి, దానికి దగ్గరిదే వాడాలి. అనుమతి లేకుండా కట్టడం తీరు మారే పని చేస్తే అక్కడ నేరం.

#23 మెదక్‌గోపురం

1735 తర్వాత ఏమైందో కూడా ఉంటే బాగుంటుంది. ఆ ఇల్లు 1954 దాకా రెక్టరీగానే ఉంది. ప్రపంచ మెథడిస్ట్ కౌన్సిల్ కొని, బాగుచేసి 1957లో తెరిచింది. ఆ రోజుల్లో ఇంగ్లండు చర్చి ఇలాంటి పెద్ద ఇళ్ళు వందలకొద్దీ వదిలించుకుంది. దశమభాగం 1836 చట్టంతో డబ్బు కిరాయిగా మారింది. పనివాళ్ళు లేరు, 10 గదులకు బొగ్గు ఎవరు వేస్తారు? చిన్న ఇల్లు కట్టి గురువును అందులోకి మార్చారు. ఇప్పుడు ఇంగ్లండులో ‘ది ఓల్డ్ రెక్టరీ’ అని గేటు మీద రాసి ఉంటే అందులో ఉండేది దాదాపుగా గురువు కాదు.

మనకున్న లంకె: మెదక్‌లో పని చేసింది వెస్లియన్ మెథడిస్ట్ మిషనే. ఆ మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి ఆ పరంపరలోది. అయితే మిషన్ బంగళాను రెక్టరీ అనకండి. బంగళా మిషన్ సొమ్ము, మిషన్ ఖర్చు. దశమభాగపు కొట్టం లేదు, గ్లీబ్ లేదు, డైలాపిడేషన్స్ లేవు. ప్లాను కూడా వేరు: ఇక్కడ చుట్టూ వరండా ఎండ ఆపడానికి, అక్కడ గది గదికీ పొయ్యి చలి ఆపడానికి.

#24 చినవెంకన్న

చివరిగా కిటికీలు. పైకి కిందికి జరిగే రెక్కల కిటికీ, తాడు తెగితే రెక్క కింద పడుతుంది. ఎలా వేయాలి?

#25 దూలంవాసం

ముందు కిటికీ వయసు చూడండి. 1709 కాలపు కిటికీకి అద్దాల మధ్య కర్రలు లావుగా, అంగుళంన్నర దాకా ఉంటాయి. చాలాసార్లు పై రెక్క కదలదు, కింది రెక్కే జరుగుతుంది. కర్ర సన్నగా, ⅝ అంగుళం ఉంటే అది తర్వాతి తరం మార్పు. ఏదైనా సరే పాత కర్ర తీసి పారేయకండి.

తాడు మార్చే వరుస: లోపలి అంచు బద్ద ఒక పక్కది మధ్య నుంచి విల్లులా వంచి తీయాలి, చివర నుంచి లాగితే విరుగుతుంది. కింది రెక్క బయటికి. తర్వాత మధ్య బద్ద, పై రెక్క. చట్రం పక్కన కింద చిన్న మూత ఉంటుంది, దాన్ని తీస్తే లోపల బరువులు. పాతవి సీసం, తర్వాతివి పోతపోసిన ఇనుము. రెక్కను అద్దంతో సహా తూచండి. అద్దం మార్చి ఉంటే పాత బరువు సరిపోదు, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పై రెక్కకు రెండు బరువులూ కలిపి రెక్క కన్నా అర కిలో ఎక్కువ ఉండాలి, అప్పుడు పైకి నొక్కి ఉంటుంది. కింది రెక్కకు అర కిలో తక్కువ.

మైనం పట్టించిన నూలు తాడు వాడండి, నైలాన్ సాగుతుంది. కొత్త తాడును ఒక రాత్రి బరువు కట్టి వేలాడదీసి ఆ తర్వాత కొలిచి కోయండి. కింది రెక్క పూర్తిగా పైకి లేపినప్పుడు బరువు పెట్టె అడుగుకు 2 అంగుళాల ఎత్తులో ఆగాలి. అడుగుకు తగిలితే తాడు వదులై కప్పీ మీంచి జారుతుంది. తాడు మేకులు రెక్క పక్క గాడిలో కిందిభాగానే కొట్టండి. పైన కొడితే ఆ మేకు కప్పీకి తగిలి రెక్క పూర్తిగా లేవదు. అవిసె నూనె పుట్టీ పెడితే పైపొర కట్టడానికి ఒకటి రెండు వారాలు ఆగి రంగు వేయండి, రంగు అద్దం మీదికి ఒక గీత మందం ఎక్కాలి. లేకపోతే ఆ సందులోంచే నీళ్ళు దిగి కింది కర్ర ముందు కుళ్ళుతుంది.

#26 చినవెంకన్న

కప్పీ ఇత్తడిదైతే దానికి రంగు?

#27 దూలంవాసం

వేయకూడదు. కప్పీకీ, తాడుకీ రెండింటికీ. రంగు పట్టిన తాడు బిరుసెక్కి కప్పీ దగ్గరే తెగుతుంది.